పౌడర్ అమ్మే కోడలు

జొన్నపిండి చేతులతో ఫోనెత్తడం ఎట్లాగో చంద్రికను చూసి నేర్చుకోవాలి. చిటికెన వేలి కణుపుతో తెర మీది పచ్చగుర్తును జరుపుతుంది, మెడ వంచి ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంటుంది, చేతులు మాత్రం రొట్టెను తట్టడం ఆపవు. మారేదల్లా గొంతే. అప్పటిదాకా "అత్తమ్మా, పెనం కాలింది, వేడివేడి రొట్టె తిందురు రాండి" అంటున్న మనిషి, మరుక్షణం "నమస్కారమండీ, చెప్పండి, మంచు కొండల గురించేనా అండీ?" అంటుంది. రాయచూరులో, తీన్ కందీల్ వెనక సందులో, నవంబరులో కూడా ఫ్యాను తిప్పుకోక తప్పని వంటింట్లో నిలబడి ఆమె అమ్మేది కాశ్మీరు మంచు. నమ్మబుద్ధి కాదు గానీ నిజం.

కంపెనీ చిన్నది. కాశ్మీరు కొండల్లో, రోడ్డు గానీ తీగల మీద నడిచే బండి గానీ పోని ఎత్తులకు, బెల్టు చక్రాల బండిలో జనాన్ని ఎక్కించుకుపోతారు. ఆ బండి పేరు స్నోక్యాట్. పైన దింపాక, కాళ్ళకు స్కీలు బిగించుకుని, గైడు వెనకాల ఒక్కొక్కరే మెత్తటి మంచులో జారుకుంటూ కిందికి రావాలి. కింద బండి కాచుకుని ఉంటుంది, మళ్ళీ ఎక్కిస్తుంది. స్కీయింగ్ రానివాళ్ళకు కింది వాలులో నేర్పుతారు, గైడు సరేనంటేనే పైనుంచి దిగనిస్తారు, కాదంటే బండిలో ఎక్కి బండిలోనే దిగిరావడం. దక్షిణాది భాషలు తెలిసిన మనిషి కావాలని వాళ్ళు ప్రకటన ఇస్తే చంద్రిక ఎవరికీ చెప్పకుండా జవాబు రాసింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బజారులో దక్కనీ ఉర్దూ, ఎం.ఏ. దాకా చదువుకున్న ఇంగ్లీషు. రాయచూరులో అదేం గొప్ప కాదు, కూరగాయల బండివాడు కూడా మూడు భాషల్లో బేరమాడతాడు. కానీ కొండల మీది వాళ్ళకు అది అబ్బురమైపోయింది, ఫోనులోనే పని ఇచ్చేశారు.

ఆ మెత్తటి మంచును వాళ్ళు పౌడర్ అంటారు. చిక్కంతా అక్కడే వచ్చింది. "పౌడర్ చాలా బాగుంటుందండీ", "జనవరిలో అయితే కొత్త పౌడర్ అండీ" అని కోడలు రోజంతా ఫోనులో చెప్తుంటే అత్తగారు ఆనందమ్మ విని, "మా చంద్రిక ఫోన్ల పౌడర్ అమ్ముతది" అని వీధి వీధంతా చాటింపు వేసింది. పక్కింటి శరణమ్మ గుమ్మంలోకి వచ్చి, "నమగూ ఎరడు డబ్బి తరిసి కొడ్రి, మల్లిగి వాసనీదు" అని అడిగింది, మల్లెపూల వాసనది రెండు డబ్బాలు తెప్పించమని! చంద్రిక నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా అత్తగారి పొరపాటును దిద్దలేదు. దిద్దితే మంచు అమ్ముతున్నానని చెప్పాలి, మంచును ఎవరైనా ఎట్లా అమ్ముతారంటే అదో రామాయణం. పౌడర్ అయితే కనీసం అది పనేనని అందరికీ అర్థమవుతుంది. భర్త ఆంజనేయకు అదీ అర్థం కాదు. ఆయనకు బజారులో స్టీలు సామాన్ల దుకాణం. "మాట్లాడుడు గూడ ఒక నౌకరీయేనా? ఇంట్ల ఫుకట్ల మాట్లాడ్తనే ఉంటవ్ గద," అంటాడు. తన దుకాణంలో పొద్దస్తమానం ఆయన చేసేది కూడా మాట్లాడటమేనని చంద్రిక నోటిదాకా వస్తుంది, మింగేస్తుంది.

ఇంతకూ చంద్రిక మంచు చూడలేదు. తెలుగులో ఒక తిరకాసు ఉంది. ఆకుల మీద తడికీ మంచే, పొద్దున కమ్ముకునే పొగకూ మంచే, కొండల మీద పడేదానికీ మంచే. ఆమె పుట్టిన యరగేరలో చలికాలం పొద్దున కందిచేల మీద చూసిందీ, దేవసూగూరులో కృష్ణ ఒడ్డున తేలుతుంటే చూసిందీ ఆ మొదటి రెండు మంచులే. మూడోది వీడియోల్లోనే. కంపెనీ వాళ్ళు పంపినవన్నీ చూసింది, గైడు చెప్పినవన్నీ కంఠతా పట్టింది, అడిగినవాళ్ళకల్లా కళ్ళకు కట్టినట్టు చెప్తుంది. అంత బాగా చెప్తుంది కాబట్టే లోపల అంత బాధ.

ఆరోజు పొయ్యి దగ్గర ఉండగా వచ్చిన ఫోను సింధనూరు పక్క క్యాంపు నుంచి. కాలవ నీళ్ళ కోసం తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతులు, నాలుగు కుటుంబాల వాళ్ళు కలిసి పోదామనుకుంటున్నారు. మాట్లాడుతున్నాయన పెద్దమనిషి, గొంతులో మంచి హుషారు.

"అమ్మాయ్, ఆ పిల్లి బండంటున్నారు, అదేంటసలు? మా వరికోత చైను మిషను లాగుంటుందా?"

"అచ్చం అలాగే ఉంటుందండీ. ముందర కోత పళ్ళు లేవనుకోండి, వెనకాల గది ఉందనుకోండి, అంతే."

"బాగా చెప్పావ్. మరి ఆ పొడి మంచులో కాలు దిగబడిపోదూ?"

"దిగబడదండీ, స్కీ మీద తేలుతుంటారు. జల్లించిన పిండి కుప్ప మీద చెయ్యి జార్చారా ఎప్పుడైనా? అంత మెత్తగా ఉంటుంది. చప్పుడు కూడా ఉండదండీ."

"వింటుంటేనే ప్రాణం లేచొస్తుందమ్మా. నువ్వెన్నిసార్లు వెళ్ళావేంటి?" అన్నాడాయన.

అందరూ అడిగేదే. ఆమె ఎప్పుడూ చెప్పేదే. "రెండుసార్లు వెళ్ళానండీ," అంది. రొట్టె పెనం మీద మాడింది. అబద్ధం చెప్పిన ప్రతిసారీ ఆమెకు ఏడుపొస్తుంది, ఆ రైతు మీద కాదు, తన మీదనే జాలి. లోపల్నుంచి ఆనందమ్మ, "మాడు వాసనొస్తున్నది పిల్లా, గా ఫోన్ పక్కన పడెయ్," అని అరిచింది.

ఎవరూ తొక్కని మంచు. కంపెనీ వాళ్ళ మాటల్లో ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. బతుకంతా ఆమెది ఎవరో ఒకరు తొక్కేసిన నేలే. శాబాదు బండలు తుడిచి, నడుం పట్టుకుని లేచి, మెరుస్తున్నాయి కదా అని ఒక్కసారి చూసుకునేలోగా ఆంజనేయ తువ్వాలు కోసమని అడ్డంగా నడిచిపోతాడు. పైగా, "తడి తడిగ ఉంటె జారి పడ్తం, బండలు ఆరినంక తుడువరాదే?" అన్నాడొకసారి. ఆరినాక తుడవడమేమిటో ఆయనే చెప్పాలి. ఆమె తుడిచిన నేల మీద తన పాదం గుర్తు తనకెప్పుడూ కనబడలేదు. ఒక పెద్ద తెల్లటి వాలు, దాని మీద ఒక్క గీత, ఆ గీత తనది, వెనక్కి తిరిగి చూస్తే అది ఇంకా అక్కడే ఉంటుంది, ఎవరూ దాని మీద చెప్పులేసుకుని నడవరు. పప్పు తాలింపులోకి ఎండుమిరపకాయలు తుంచుతూ ఈ ఒక్క ఊహనే ఆమె ఎన్ని రకాలుగా ఊహించుకుందో చెప్పలేం.

ఇంకొకటి బీకన్. కొండెక్కే ప్రతివాళ్ళ ఛాతీకి ఒక చిన్న యంత్రం కడతారు. మంచు విరిగిపడి ఎవరైనా కూరుకుపోతే, మిగిలినవాళ్ళు తమ యంత్రాల మీటను వెతికే వైపు తిప్పి, కూరుకున్నవాళ్ళ యంత్రం పంపే సంకేతం పట్టుకుని తవ్వి తీస్తారు. ఇది ఫోనులో వివరించిన మొదటిరోజు చంద్రిక చాలాసేపు మామూలు మనిషి కాలేకపోయింది. ఈ ఇంట్లో తను కూరుకుపోతే ఎవరు తిప్పుతారు వెతికే వైపు? వీళ్ళకు వెతకడమే రాదు. కళ్ళెదుట ఉన్న కళ్ళజోడు కోసం, అల్మారాలో ఉన్న బనీను కోసం, ఆవకాయ జాడీ మూత కోసం "చంద్రికా" అని పిలుస్తారు. చంద్రికే కనబడకపోతే, చంద్రిక ఎక్కడుందని చంద్రికనే పిలుస్తారేమో. నవ్వొచ్చింది ఆమెకు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కూడా.

ఆ కొండల్లో ఆమెకు తెలిసిన ఒకే ఒక్క మనిషి నుస్రత్. కాశ్మీరీ అమ్మాయి, కంపెనీకి పెద్ద గైడు, దక్షిణాది ఫోన్ల వ్యవహారం కూడా ఆమె చేతి కిందనే. చంద్రిక దక్కనీ ఉర్దూ వింటే ఆమెకు నవ్వే నవ్వు. ఒకసారి నుస్రత్ చెప్పింది, బండి దిగాక ఒక గైడు ముందు పోతాడు, ఇంకొక గైడు అందరికన్నా ఆఖరున వస్తాడు, పడ్డవాళ్ళను లేపుతూ, జారిపోయిన చేతిజోళ్ళు ఏరుకుంటూ, తీరా అతను చేరేసరికి మిగిలినవాళ్ళంతా బండిలో కూచుని వేడివేడి కహ్వా టీ తాగుతుంటారని. "ఆపా, వో కామ్ మేరేకు ఆతా," అంది చంద్రిక, ఆ పని నాకు బాగా వచ్చక్కా అని. ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఫోను పెట్టేశాక మాత్రం చంద్రికకు ఎక్కడలేని కోరిక పుట్టింది, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ముందు దిగాలని.

ప్రతి జనవరిలో కంపెనీ వాళ్ళు తమ దగ్గర పనిచేసేవాళ్ళను పైకి రమ్మంటారు. మొదటి ఏడు పిలిచినప్పుడు ఆడబిడ్డ పురుడు. రెండో ఏడు అత్తగారి కంటి ఆపరేషన్. రెండుసార్లూ చంద్రిక "ఇస్ సాల్ నక్కో ఆపా" అంది, ఈ ఏడు వద్దని. ఈసారి నుస్రత్ నవ్వలేదు. "సింధనూరు వాళ్ళు నీ గొంతు విని వస్తున్నారు. వాళ్ళకు హిందీ రాదు, బండిలో నువ్వు పక్కనుండాలి. ముందే వచ్చి నేర్చుకో, నేనే నేర్పుతా. ఒక సీటు నీ చేతిలో పెడుతున్నా. రాలేనంటే నీకిష్టమైనవాళ్ళకు ఇచ్చుకో. కానీ చూడని మనిషితో చూశానని చెప్పించడం ఇక నాకు ఇష్టం లేదు చంద్రికా. ఈసారీ రాకపోతే ఈ పనికి ఇంకొకరిని చూసుకుంటా. ఆదివారం లోపల పేరు చెప్పు," అంది. ఆ అబద్ధం సంగతి నుస్రత్‌కు తెలుసన్నమాట! చంద్రికకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

అన్నం వడ్డిస్తూ చెప్పింది. ఎన్నిసార్లో లోపల అనుకుని అనుకుని, తీరా చెప్పేటప్పటికి గొంతు పీలగా వచ్చింది. రమ్మంటున్నారనీ, వెళ్ళకపోతే పని పోతుందనీ, రాలేనంటే సీటు ఎవరికైనా ఇవ్వవచ్చన్నారనీ. ఆంజనేయ అన్నం కలుపుతూ ఆగాడు. ఆయన చెవికెక్కింది ఆ ఆఖరి ముక్కే.

"అరె, గది ముందుగాల చెప్పొద్దా? ఆ సీటు నా పేరు మీద రాయించు. నేను, వెంకటేశ్ గాడు పోతం. వాడు వేరే టికెట్ కొనుక్కుంటడు."

"నన్ను రమ్మన్నరు," అంది చంద్రిక.

"నువ్వెట్ల పోతవే? అమ్మకు నడుం నొప్పి, పిల్లకు పరీక్షలు. మంచుల నువ్వేం జేస్తవ్? చీర కుచ్చిళ్ళు పట్టుకుని జార్తవా?" అని నవ్వాడు. ఆనందమ్మ కూడా నవ్వి, "మొగోడు నాలుగూళ్ళు తిరిగొస్తె హుషారుగుంటడు. ఆడది పోతె ఇల్లేం గావాలె బిడ్డా?" అంది. ఆవిడ చెడ్డది కాదు. తన కాలంలో ఎవరూ తనను ఎక్కడికీ రమ్మనలేదు, అంతే. కూతురు మేఘ ఒక్కతే కంచంలోంచి తలెత్తి, "నాన్నా, పిల్చింది అమ్మను గద?" అంది. "నువ్ తిను," అన్నాడు ఆంజనేయ.

తెల్లారేసరికి బజారంతా పాకిపోయింది. స్టీలు దుకాణం ఆంజనేయ కాశ్మీరు పోతున్నాడని. ఆయన స్నేహితుడు వెంకటేశ్ ఇంటికొచ్చి చాయ్ తాగి, "వదినా, మాకు అద్దం పక్క సీట్లు ఇప్పియ్యాలె," అని ఆర్డరు వేసిపోయాడు. అత్తగారు దారిలోకి పల్లీల పొడి కొట్టమంది, సజ్జ రొట్టెలైతే నిలవుంటాయని కూడా గుర్తు చేసింది. చంద్రిక అన్నీ చేస్తూనే ఉంది. చేతులకు అలవాటైన పని చేతులు చేసుకుపోతాయి.

ఆంజనేయ నీలం రంగు జాకెట్ ఒకటి కొనుక్కొచ్చి, మడతలు పోయేటట్టు తగిలించమని ఇచ్చాడు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు చంద్రిక గది తలుపు గొళ్ళెం పెట్టి, ఆ జాకెట్‌ను చీర మీదనే తొడుక్కుంది. జిప్పు మెడదాకా లాక్కుంది, టోపీ నెత్తి మీదికి లాక్కుంది. రాయచూరు మధ్యాహ్నం, కరెంటు లేదు. చెమట వీపు మీద కాలవలు కట్టింది. అద్దంలో లావుగా, గుండ్రంగా, ముఖం మాత్రమే కనబడే ఎవరో ఒకావిడ నిలబడి ఉంది, ఆవిడ వయసు తెలియదు, ఎవరి భార్యో తెలియదు. ఊపిరాడటం లేదు, అయినా విప్పబుద్ధి కాలేదు. వాకిట్లో అత్తగారి చెప్పుల చప్పుడు వినబడేదాకా అట్లాగే నిలబడి ఉంది. పోవాలని ఉంది నాకు, అని అద్దంలో ఆవిడతో పైకే అంది. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

ఆదివారం దుకాణం మధ్యాహ్నానికే మూశారు. ఆంజనేయ తిని తఖ్తు బల్ల మీద కాళ్ళు చాపుకున్నాడు. ఆనందమ్మ పక్కన కూచుని చేటలో పల్లీలు ఏరుతోంది.

"ఏమే, ఇయ్యాల్నే గద ఆఖరు? ఫోన్ కొట్టు. నా పేరు సాఫ్‌గ చెప్పు."

చంద్రిక చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. "పేరు చెప్పేముందు అందర్నీ అడిగే ముచ్చట్లున్నయి. మిమ్మల్ని గూడ అడగాలె," అంది.

అది నిజమే. కొండ మీదికి ఎవర్ని ఎక్కించాలో, ఎవర్ని వద్దనాలో మొదటి మాటలో తేల్చేది ఫోనెత్తినవాళ్ళే. జవాబు సరిగ్గా లేకపోతే ఎంతటివాడైనా సీటు లేదు, పైవాళ్ళు కూడా ఆ మాట తిరగదోడరు. ఈ ఇంట్లో సాయంత్రం ఏ కూర వండాలో తనంతట తను తేల్చుకోని చంద్రిక, ఫోనులో పెద్దపెద్ద కాంట్రాక్టర్లను మర్యాదగా వద్దని వెనక్కి పంపింది.

"అడుగు అడుగు," అన్నాడాయన సరదాగా.

ఆమె గొంతు సవరించుకుంది. దానంతటదే ఫోను గొంతు వచ్చేసింది. "ఇంతకు ముందు స్కీయింగ్ ఏమైనా చేశారా అండీ?"

"చూడమ్మా, నన్ను అండీ అంటున్నది! ఏం జేసేదున్నది అండ్ల, జారుడే గద? చిన్నప్పుడు కోట గుట్ట మీదికెళ్ళి జారినోన్ని."

"సరేనండీ. పైకి వెళ్ళాక గైడు మిమ్మల్ని చూసి, 'ఈరోజు మీరు దిగవద్దు, బండిలోనే కూర్చోండి' అంటే కూర్చుంటారా అండీ?"

"ఎవరా గైడు?"

"నుస్రత్ అండీ."

"ఆ ఫోన్ల నవ్వే పిల్లనా?" ఆంజనేయ లేచి కూచున్నాడు. "ఆడపిల్ల ఒద్దంటె నేను ఆగాల్నా? మా నాయన మాటనే ఇనలె నేను. ఆమె ఎనక నేనెందుకు పోత? నేనే ముంగల దిగుత, దమ్ముంటె నా ఎనక రానీ."

ఈ జవాబు చంద్రికకు కొత్త కాదు. చాలామంది మగవాళ్ళ నోట, చాలా ఊళ్ళ యాసల్లో విన్నది. మెత్తటి మంచు కింద ఏముందో పైకి కనబడదు. గైడు ముందు అడుగేసి చూస్తుంది, ఆమెను దాటి ఒకడు ముందుకు దూకాడంటే వాడొక్కడే పోడు, వాలు మొత్తం విరిగి అందరి మీదా పడుతుంది. సింధనూరు రైతు కుటుంబాలు ఉంటాయి ఆ బండిలో. ఈ జవాబుకు ఆమె దగ్గర ఒకే మాట ఉంది. ఎదుట ఎవరున్నారని ఆ మాట ఎప్పుడూ చూడలేదు.

"క్షమించాలండీ. ఈ సీజన్‌లో మీకు సీటు ఇవ్వలేం."

ఆంజనేయ పకపకా నవ్వాడు. ఆనందమ్మ కూడా చేట పక్కన పెట్టి నవ్వింది. నవ్వి నవ్వి, చంద్రిక నవ్వడం లేదని చూసి ఇద్దరూ ఒకరి తరువాత ఒకరు ఆపేశారు.

ఆమె అక్కడే, వాళ్ళెదుటే ఫోను కలిపింది. "ఆపా, మై ఆరీ హూఁ," అంది. నేను వస్తున్నా. అవతల నుస్రత్ పెట్టిన కేక ఫోను దాటి గదిలో అందరికీ వినబడింది.

"నెత్తి గిట్ల ఖరాబైందా నీకు?" ఆంజనేయ ముఖం కందగడ్డయింది. "బజారంత చెప్పుకున్న నేను! ఎన్నడు మంచు మొఖం చూడనిదానివి, ఇల్లిడిచి గంత దూరం పోతవా? చెప్పు, ఏమున్నదే అక్కడ నీకు?"

చంద్రిక ఫోను కింద పెట్టింది. ఫోను గొంతు పోయి, సొంత గొంతు వచ్చింది.

"తెల్వదు," అంది. "చూసొచ్చి చెప్త."